ఉప్పునీళ్ళ లెక్క

2015 జనవరి 6, మంగళవారం. సాయంత్రం ఏడు కావస్తోంది. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో కుక్కర్ మూత తీస్తున్నాను. కాళ్ళ కింద ఏదో బరువైన లారీ వెళ్ళినట్టు ఒక దడ. షెల్ఫులో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. మూడు నాలుగు సెకన్లు, అంతే. కింద పోర్షన్లో కొడుకు దగ్గరకు గుంటూరు నుంచి వచ్చి ఉంటున్న ఆంటీ మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టారు. "ఏం బాబూ, పైన రోలేమైనా దొర్లించారా?"

రోలు కాదు. 3.6 తీవ్రత ఉన్న భూకంపం. ఆ మధ్యాహ్నం కూడా ఒకటి వచ్చింది కానీ ఆఫీసులో ఉండి నేను గమనించలేదు. ఆ ఒక్క రోజులో పదికి పైగా కుదుపులు. డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళలో ఇర్వింగ్ ఒకటి, కాబట్టి ఆ రాత్రి వాట్సాప్ గ్రూపుల నిండా ఇదే గొడవ. "ఫ్రాకింగ్ వల్లేనంట" అని ఒకరు, "అదంతా ఉత్తిదే, పాత స్టేడియం కూల్చేశారు కదా, దానివల్ల" అని ఇంకొకరు. స్టేడియం కూల్చింది 2010లో. అయినా ఎవరి థియరీ వాళ్ళది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అప్పట్లో నేను పనిచేస్తున్న ప్రాజెక్టు ఆయిల్‌ఫీల్డ్ నీళ్ళ ట్యాంకర్లకు టికెట్లు జారీ చేసే సాఫ్ట్‌వేర్. బావి దగ్గర డ్రైవరు ట్యాంకర్ నింపుకుంటాడు, టాబ్లెట్‌లో ఫారం తెరుస్తాడు: ఎక్కడ నింపారు, ఎన్ని బ్యారెళ్ళు, ఎక్కడ దించారు. మూడో ప్రశ్నకి ఒక డ్రాప్‌డౌన్. అందులో దాదాపు అన్ని పేర్ల చివరా ఎస్‌డబ్ల్యూడీ అని మూడక్షరాలు. సాల్ట్‌వాటర్ డిస్పోజల్. నింపిన లెక్కకీ దించిన లెక్కకీ తేడా ఎక్కువైతే టికెట్ తిరగ్గొట్టే వాలిడేషన్ రాసింది నేనే. ఆ మూడక్షరాల వెనక ఏముందో మాత్రం కుక్కర్ దగ్గర నిలబడ్డ ఆ సాయంత్రం దాకా నాకు తట్టలేదు. ఆ తర్వాత చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చిందే.

ఫ్రాకింగ్ చరిత్ర అనగానే ఎవరైనా ఒక వీరగాథ చెబుతారు. పట్టువదలని జార్జ్ మిచెల్ అనే టెక్సస్ వ్యాపారి, ఎవరూ నమ్మని బార్నెట్ షేల్ అనే మట్టిరాయి, చివరికి విజయం. అబద్ధమేం కాదు. కానీ ఆ కథలో నీళ్ళు ఒక సామగ్రి మాత్రమే. వచ్చి, పని చేసి, మాయమైపోతాయి. మాయమవడం అనే మాట దగ్గరే నాకు పేచీ.

మొదట్లో అసలు నీళ్ళే లేవు. 1947లో కాన్సస్‌లోని హ్యూగోటన్ గ్యాస్ క్షేత్రంలో స్టానోలిండ్ కంపెనీ రాయిని పగలగొట్టాలని చేసిన తొలి ప్రయోగంలో వాడింది నాపామ్‌తో చిక్కబరిచిన గ్యాసోలిన్. ప్రయోగం పెద్దగా ఫలించలేదు, పద్ధతి మాత్రం నిలిచింది. 1949లో హాలిబర్టన్ దాన్ని వ్యాపారంగా మొదలుపెట్టింది. పెట్రోలు బదులు నీళ్ళు వాడటం యాభైల్లో వచ్చింది. అయితే ఉత్త నీళ్ళు ఇసుకని మోయలేవు, పగుళ్ళలోకి ఇసుక వెళ్ళకపోతే పగుళ్ళు మూసుకుపోతాయి. అందుకని నీటిని జిగురుగా చెయ్యాలి. ఆ జిగురు ఎక్కడిదంటే, గోరుచిక్కుడు గింజలది. మనం కొబ్బరి వేసి వేపుడు చేసుకునే గోరుచిక్కుడే. అందులో ఎక్కువ భాగం రాజస్థాన్ పొలాల నుంచి వెళ్తుంది. 2012లో అమెరికా డ్రిల్లర్లు ఎగబడి కొన్నప్పుడు ఆ గింజల ధర ఎక్కడికో వెళ్ళి, మరుసటి ఏడాదికి కూలిపోయింది. అది వేరే కథ, ఎవరైనా రాయాలి.

మిచెల్ కంపెనీలో నిక్ స్టైన్స్‌బర్గర్ అనే యువ ఇంజనీరు 1997 ప్రాంతంలో ఈ జిగురు ఖర్చు తగ్గించే పనిలో పడ్డాడు. జిగురు దాదాపు తీసేసి, రాపిడి తగ్గించే రసాయనం కొంచెం కలిపి, నీళ్ళు మాత్రం విపరీతంగా పోస్తే? 1998లో డెంటన్ కౌంటీలోని ఒక బావిలో అది పనిచేసింది. పాత పద్ధతిలో పగలగొట్టిన బావులకంటే గ్యాస్ ఎక్కువ, ఖర్చు తక్కువ. షేల్ విప్లవం అని పత్రికలు రాసేదంతా ఈ ఖర్చు తగ్గింపు మీద నిలబడింది. జిగురు ఖరీదు, నీళ్ళు చవక. అక్కడి నుంచి ప్రతి బావీ నీళ్ళు తాగడం మొదలుపెట్టింది.

ఎంత తాగుతుందంటే, పెన్సిల్వేనియా మార్సెలస్ షేల్‌లో ఫ్రాకింగ్ మొదలైన కాలంలో ఒక్కో బావికి 50 లక్షల గ్యాలన్లు అటూఇటూ. మన లెక్కలో కోటీ తొంభై లక్షల లీటర్లు. మే నెలలో హైదరాబాదు అపార్ట్‌మెంట్లకు వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు 3,800. అదీ ఒక్క బావికి, కొన్ని రోజుల్లో. ఇప్పుడు పశ్చిమ టెక్సస్‌లో అడ్డంగా మైళ్ళ కొద్దీ తొలిచే బావులు అంతకు రెండు మూడు రెట్లు తాగుతున్నాయి. 2013 వేసవిలో అదే పశ్చిమ టెక్సస్‌లో బార్న్‌హార్ట్ అనే చిన్న ఊరికి నీళ్ళిచ్చే బావి ఎండిపోయింది. అంతకు ముందే కరువు, పైగా చుట్టూ డ్రిల్లింగ్ కోసం భూగర్భజలం అమ్మకాలు. ఎంత పాపం ఎవరిదన్నది తేలే లెక్క కాదు.

కానీ నీళ్ళు తేవడం ఈ కథలో చిన్న సమస్య. పెద్ద సమస్య తిరిగొచ్చే నీళ్ళు.

పంపిన నీటిలో కొంత భాగం మొదటి వారాల్లో వెనక్కి వస్తుంది. దాని వెంట ఇంకోటి మొదలవుతుంది, అది బావి బతికినన్నాళ్ళూ ఆగదు. ఆ రాళ్ళు ఒకప్పటి సముద్రాల అడుగు. పశ్చిమ టెక్సస్‌లోని పెర్మియన్ బేసిన్‌కి ఆ పేరు రావడానికి కారణమైన కాలం పాతికా ముప్పై కోట్ల ఏళ్ళ కిందటిది. ఆనాటి సముద్రపు నీరు నూనెతోపాటే రాతిలో ఇరుక్కుని ఉంది. నూనె తోడితే అదీ వస్తుంది. సముద్రపు నీటికంటే మూడు నాలుగు రెట్లు ఉప్పు, కొన్నిచోట్ల రేడియం, బేరియం, పైగా నూనె మడ్డి. పెర్మియన్‌లో ఒక బ్యారెల్ నూనెకి మూడు నాలుగు బ్యారెళ్ళ ఉప్పునీళ్ళు. ఓక్లహోమాలో కొన్ని పొరల్లో పది దాకా. నిజానికి వీటిని నూనె కంపెనీలు అనడం మర్యాద కోసమే. వీళ్ళు నీళ్ళు తోడే కంపెనీలు, నీళ్ళ మీద కొంచెం నూనె తేలుతుంది.

ఆ నీళ్ళని ఏం చెయ్యాలి? పెన్సిల్వేనియా మొదట చేసిన పని వింటే మనకేమీ ఆశ్చర్యం వెయ్యదు. మునిసిపాలిటీ మురుగు శుద్ధి కేంద్రాలకు పంపారు. అవి మనుషుల మురుగుని శుభ్రం చెయ్యడానికి కట్టినవి, ఉప్పుని తీయలేవు. అటు నుంచి వచ్చింది ఇటు నదిలోకి పోయింది. 2008 శరత్కాలంలో మొనొంగహేలా నదిలో నీళ్ళు తగ్గినప్పుడు కరిగిన లవణాలు హద్దు దాటాయి. అందులో పాత బొగ్గు గనుల వాటా కూడా ఉంది. నదిలో బ్రోమైడ్ పెరిగితే, దిగువన తాగునీటి ప్లాంటులో క్లోరిన్ కలిపినప్పుడు ప్రమాదకరమైన పదార్థాలు తయారవుతాయి. 2011 మే 19 కల్లా ఆపెయ్యమని రాష్ట్రం కంపెనీలను కోరింది. దేశమంతటికీ వర్తించే నిషేధం 2016లో గానీ రాలేదు.

నది లేదంటే మరెక్కడికి? కొంత మళ్ళీ ఫ్రాకింగ్‌కే వాడారు. మిగిలిన దాంట్లో చాలా వరకు ట్యాంకర్లెక్కి పక్క రాష్ట్రం ఒహాయో చేరింది. అక్కడ లోతైన బావుల్లోకి దించారు. 2011 డిసెంబరు 31న, అంతకు ముందు భూకంపమంటే తెలియని యంగ్స్‌టౌన్ పట్టణం 4 తీవ్రతతో కదిలింది. ఏడాది కిందటే పని మొదలుపెట్టిన డిస్పోజల్ బావి ఒకటి ఆ పక్కనే ఉంది.

ఇది చదివినప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన, పాపం వాళ్ళకేం తెలుసులే అని. రెండు పేపర్లు చదివేసరికి ఆ జాలి పోయింది. తెలుసు. 45 ఏళ్ళ ముందే తెలుసు.

డెన్వర్ పక్కన రాకీ మౌంటెన్ ఆర్సెనల్ అని సైన్యం వారి రసాయనాల కార్ఖానా. సారిన్ విషవాయువు, తర్వాత పురుగుమందులు. ఆ వ్యర్థజలాన్ని గుంటల్లో నిలవ చేస్తే యాభైల్లో చుట్టుపక్కల రైతుల బావులు పాడయ్యాయి. అందుకని సైన్యం 12,045 అడుగుల లోతున, అడుగునున్న గట్టి రాతిలోకి ఒక బావి తవ్వి, 1962 మార్చిలో నీళ్ళు దించడం మొదలుపెట్టింది. డెన్వర్‌లో 1882 తర్వాత చెప్పుకోదగ్గ భూకంపం లేదు. రెండు నెలలు తిరక్కుండానే మొదలయ్యాయి. వందల కొద్దీ. ఎక్కువ భాగం చిన్నవే, కానీ జనానికి తెలిసేటంతవి కూడా ఉన్నాయి.

డేవిడ్ ఎవాన్స్ అనే జియాలజిస్టు చేసిన పని చూస్తే మా వృత్తిలో ఉన్నవాళ్ళకు ముచ్చటేస్తుంది. నెలవారీగా ఎన్ని గ్యాలన్లు దించారో ఒక గ్రాఫు. నెలవారీగా ఎన్ని భూకంపాలు వచ్చాయో దాని పక్కన ఇంకో గ్రాఫు. 1963 సెప్టెంబరు నుంచి ఒక ఏడాది పాటు సైన్యం తన కారణాలతో నీళ్ళు దించడం ఆపింది. ఆ ఏడాది భూకంపాలు బాగా తగ్గాయి. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ పెరిగాయి. 1965 నవంబరులో ఆయన ఈ రెండు గ్రాఫుల్నీ బయటపెట్టాడు. 1966 ఫిబ్రవరిలో బావి మూశారు. అప్పటికి దించినది 16.5 కోట్ల గ్యాలన్లు.

అయితే అన్నిటికంటే పెద్ద కుదుపు, 5కి దగ్గరగా, వచ్చింది ఆపిన ఏడాదిన్నర తర్వాత, 1967 ఆగస్టులో. శుక్రవారం చేసిన డిప్లాయ్‌కి సర్వర్ ఆదివారం పడిపోయినట్టు. పంపు ఆపినంత మాత్రాన లోపలి ఒత్తిడి ఆగదు, రాతి సందుల్లో నిదానంగా పాకుతూనే ఉంటుంది. ఎందుకు జారుతుందో కింగ్ హబ్బర్ట్, విలియం రూబీ అనే ఇద్దరు 1959లోనే వివరించారు. తెలుగింటి వంటగదిలో ఇది రోజూ కనిపిస్తుంది. వేడినీళ్ళతో కడిగిన స్టీలు గ్లాసుని తడి గ్రానైటు గట్టు మీద బోర్లించండి. కాసేపటికి దానంతటదే జారుతుంది. లోపల చిక్కుకున్న గాలి వేడెక్కి గ్లాసుని రవ్వంత ఎత్తుతుంది, బరువు అంతే ఉన్నా రాపిడి తగ్గుతుంది. భూమిలో పాత పగుళ్ళు అలా ఒకదాని మీద ఒకటి బిగుసుకుని కూర్చున్నవే. సందులోకి ఒత్తిడితో నీళ్ళు చేరితే బిగి సడలుతుంది.

డెన్వర్ తర్వాత అమెరికా జియలాజికల్ సర్వే దీన్ని పరీక్షించి కూడా చూసింది. కొలరాడోలోనే రేంజ్‌లీ చమురు క్షేత్రంలో 1969 నుంచి కొన్నేళ్ళ పాటు ఒత్తిడి పెంచారు, తగ్గించారు, మళ్ళీ పెంచారు. భూకంపాలు పెరిగాయి, తగ్గాయి, మళ్ళీ పెరిగాయి. ఏ ఒత్తిడి దాటితే మొదలవుతాయో ముందే లెక్కగట్టగలిగారు. ఆ ఫలితాలు 1976లో సైన్స్ పత్రికలో వచ్చాయి. అదే 1976లో మన హైదరాబాదులోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు హర్ష్ గుప్తా, బి.కె. రస్తోగి రాసిన "డ్యామ్స్ అండ్ ఎర్త్‌క్వేక్స్" పుస్తకం వచ్చింది. డెన్వర్‌లో పెద్ద కుదుపు వచ్చిన నాలుగు నెలలకే, 1967 డిసెంబరులో, మహారాష్ట్రలో కోయ్‌నా డ్యాము పక్కన 6.3 తీవ్రతతో భూకంపం వచ్చి రెండొందల మంది దాకా పోయారు. అక్కడ నీళ్ళు దించింది బావి కాదు, జలాశయం. లోపల జరిగే పని మాత్రం ఆ గ్లాసుదే. ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్‌ఐ బస్టాపు ముందు నుంచి నాలుగేళ్ళు కాలేజీకి వెళ్ళాను. ఆ గోడ లోపల ఏం చేస్తారో ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంత తెలిసి ఓక్లహోమా ఎందుకు జరిగింది?

నాకు దొరికిన జవాబు చాలా చప్పనిది. ఫారంలో ఆ ప్రశ్న లేదు. 1974లో వచ్చిన సురక్షిత తాగునీటి చట్టం కింద ఇలాంటి బావులన్నిటికీ పర్మిట్ కావాలి. చమురు క్షేత్రాల ఉప్పునీళ్ళకు క్లాస్ టూ అని ఒక తరగతి. దేశంలో ఆ తరగతి బావులు లక్షన్నరకు పైనే. 2005లో ఫ్రాకింగ్‌ని ఆ చట్టం నుంచి మినహాయించారని చాలామంది కోపంగా రాస్తారు, సబబే. కానీ డిస్పోజల్ బావులకు ఆ మినహాయింపు లేదు. వాటికి పర్మిట్ ఉంది, తనిఖీ ఉంది, కాగితాలున్నాయి. ఆ కాగితాలు అడిగేది తాగునీటి గురించి: గొట్టం కారుతుందా, పైనున్న మంచినీటి పొర భద్రమేనా. కింద పగులు ఉందా అని అడగవు. భూకంపాల గురించి తెలిసినవాళ్ళు ఒక ఆఫీసులో, పర్మిట్లు ఇచ్చేవాళ్ళు ఇంకో ఆఫీసులో. టెక్సస్‌లో ఆ పర్మిట్లిచ్చేది రైల్‌రోడ్ కమిషన్. పేరు చూసి మోసపోకండి, 2005 నుంచి దానికి రైళ్ళతో ఏ సంబంధమూ లేదు.

ఓక్లహోమాలో ఉప్పునీళ్ళు దించేది ఆర్‌బకుల్ అనే పొరలోకి. డ్రిల్లర్లకు అదంటే ప్రాణం, ఎందుకంటే పంపు పెట్టి నెట్టక్కర్లేదు, గరాటులో పోసినట్టు తాగేస్తుంది. ఆ పొర కింద ఉన్నది నేరుగా గట్టిరాయి, పాత పగుళ్ళతో. 2008కి ముందు ఆ రాష్ట్రంలో 3 దాటిన భూకంపాలు ఏడాదికి ఒకటో రెండో. 2011 నవంబరు 5 రాత్రి ప్రేగ్ అనే చిన్న పట్టణం దగ్గర 5.7. షానీలో ఒక పాత విశ్వవిద్యాలయ భవనం బురుజు కూలింది. దగ్గరి బావుల్లో దాదాపు 18 ఏళ్ళుగా నీళ్ళు దించుతున్నారు. 2015లో, 3 దాటినవి ఆ ఒక్క రాష్ట్రంలో దాదాపు 900. కాలిఫోర్నియాకంటే ఎక్కువ. రాష్ట్ర జియలాజికల్ సర్వే "చాలావరకు వీటి కారణం డిస్పోజలే అయ్యే అవకాశం ఉంది" అన్న అర్థంలో ప్రకటన చేసింది ఆ ఏడాది ఏప్రిల్‌లో. ఎవాన్స్ గ్రాఫులకు యాభై ఏళ్ళు నిండడానికి ఏడు నెలల ముందు.

ఇక్కడ ఫ్రాకింగ్ వ్యతిరేకులైన నా మిత్రులకి ఒక మాట. ఓక్లహోమాలో దించిన నీళ్ళలో ఫ్రాకింగ్‌కి వాడి వెనక్కొచ్చినవి తక్కువ. అత్యధికం ఆ పాత సముద్రపు నీళ్ళే. "ఫ్రాకింగ్ వల్ల భూకంపాలు" అని వాట్సాప్‌లో రాస్తే కంపెనీ ప్రతినిధి హాయిగా "కాదు" అనగలడు, అది సాంకేతికంగా నిజం కూడా. ఏళ్ళ తరబడి వాళ్ళు ఆ వాక్యం చాటునే నిలబడ్డారు. నీళ్ళ గురించి అడిగి ఉంటే అలా అనడం కష్టమయ్యేది.

2016లో రాష్ట్రం డిస్పోజల్‌ని 40 శాతం తగ్గించమంది. నూనె ధర కూడా పడిపోవడంతో తగ్గింది. అయినా ఆ సెప్టెంబరులో పానీ దగ్గర 5.8 వచ్చింది, రాష్ట్ర చరిత్రలో అతి పెద్దది. మళ్ళీ డెన్వర్ పాఠమే, ఆలస్యంగా పడే సర్వరు. ఆ తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చాయి.

ఇర్వింగ్ సంగతి ఇంత తేటగా లేదు. ఊళ్ళో డిస్పోజల్ బావి లేదు. 2008లో డల్లాస్ విమానాశ్రయం పక్కన కుదుపులు మొదలైనప్పుడు అక్కడ ఒక బావి ఉండేది, దాన్ని మూశారు. మా ఊరి కుదుపులకు అంత దగ్గరగా వేలెత్తి చూపే బావి లేదు. కానీ 2017లో శాస్త్రవేత్తలు అక్కడి పగుళ్ళ చరిత్రని పొరలు పొరలుగా చదివి చెప్పింది ఏమిటంటే, అవి 2008కి ముందు 30 కోట్ల ఏళ్ళు కదల్లేదు. 30 కోట్ల ఏళ్ళు కదలని రాయి, సరిగ్గా మనం నీళ్ళు దించడం మొదలుపెట్టాక కదలడం యాదృచ్ఛికమేమో. నేనైతే అలాంటి బగ్ రిపోర్టుని "రీప్రొడ్యూస్ కాలేదు" అని మూసెయ్యను. ఫోర్ట్‌వర్త్ పక్కన ఏజిల్ విషయంలో యూనివర్సిటీ పరిశోధకులు డిస్పోజల్ వైపు చూపించారు. 2015లో రైల్‌రోడ్ కమిషన్ విచారణలు జరిపి ఆధారాలు చాలవని తేల్చింది. అదే కమిషన్, అంతకు ముందు ఏడాది చివర్లో, పర్మిట్ ఫారంలో ఒక కొత్త ప్రశ్న చేర్చింది: చుట్టుపక్కల వంద చదరపు మైళ్ళలో ఇదివరకు భూకంపాలు వచ్చాయా? సంతోషించాల్సిందే. అప్పటికే తవ్విన వేల బావులు ఆ ప్రశ్నకు జవాబివ్వకుండానే పాసయ్యాయి.

కథ ఇప్పుడు పెర్మియన్‌కి చేరింది. 2021 సెప్టెంబరులో మిడ్‌ల్యాండ్, ఒడెస్సా పట్టణాల మధ్య కమిషన్ ఒక గీత గీసి, అక్కడ డిస్పోజల్ తగ్గించమంది. డిసెంబరులో లోతైన బావుల్ని పూర్తిగా ఆపించింది. 2022 నవంబరులో దానికి పశ్చిమంగా మెంటోన్ దగ్గర 5.4. లోతున వద్దంటే కంపెనీలు పై పొరల్లోకి దించుతున్నాయి. అక్కడ భూకంపాలు తక్కువ, కానీ వందేళ్ళుగా తవ్వి వదిలేసిన పాత బావులు జల్లెడ కన్నాల్లా ఉన్నాయి. క్రేన్ కౌంటీలో 2022 జనవరిలో అలాంటి ఒక పాత బావిలోంచి ఉప్పునీరు ఆకాశానికి చిమ్మింది. మంచి వార్తలూ ఉన్నాయి: వచ్చిన నీటినే శుభ్రం చేసి మళ్ళీ ఫ్రాకింగ్‌కి వాడటం బాగా పెరిగింది, మిడ్‌ల్యాండ్‌లో మంచినీటి బదులు పట్టణపు మురుగుని శుద్ధి చేసి వాడుతున్నారు. కానీ ఒక కొత్త బావి తాగేదానికంటే పాత బావులన్నీ కలిసి కక్కేది ఎక్కువ. ఆ తేడా ఎక్కడో ఒకచోట దిగాలి.

నేను ఆ ప్రాజెక్టు 2016లోనే వదిలేశాను, డల్లాస్‌ కూడా. మనస్సాక్షి వల్ల అని చెప్పుకుంటే బాగుండేది కానీ, నూనె ధర పడి క్లయింటు బడ్జెట్ తగ్గించాడు. 2022 మొదట్లో పాత టీములో ఉన్న అబ్బాయి పింగ్ చేశాడు. "అన్నా, మన డిస్పోజల్ టేబుల్‌లో బావి లోతు కాలమ్ ఎక్కడుంది? డీప్ ఏవో షాలో ఏవో రేపటికి లిస్టు కావాలంటున్నారు."

లేదు తమ్ముడూ, అని రాశాను. పేరుంది, కౌంటీ ఉంది, బ్యారెళ్ళున్నాయి, డ్రైవరు సంతకం ఉంది. లోతు అప్పట్లో ఎవరూ అడగలేదు.